ఎడమకి ఎనిమిదిన్నర కిలోలు

ఫిబ్రవరి 4

తమ్ముడూ,

ఇది ఫోనులో చెప్పాల్సిన సంగతే. కానీ మనిద్దరం ఫోను పట్టుకుంటే మూడో నిమిషానికి పోట్లాట, నాలుగో నిమిషానికి నువ్వు పెట్టేయడం. ఉత్తరంలో అయితే నా మాటకి అడ్డం రాలేవు. అందుకే మన పాత ఒప్పందం ప్రకారం కాగితమే అందుకున్నాను.

పడవ స్టీరింగు బరువెక్కింది. నాలుగు నెలలైంది, రంగులు వేయించి నీళ్ళలోకి దించిన దగ్గర్నుంచీ ఇదే వరస. రంగులప్పుడు పదిహేను రోజులు ఖాళీగా కూర్చున్నాను కదా, చెయ్యి అలవాటు తప్పిందిలే అని మొదట్లో సరిపెట్టుకున్నాను. ఇంక సరిపెట్టుకోలేను. నర్సుల్నీ పంతుళ్ళనీ కూరల బుట్టలనీ ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి రోజుకి పద్నాలుగు సార్లు దాటిస్తానా, సాయంత్రానికి కుడి భుజం నాది కాదు. దువ్వెన ఎత్తలేను. జడ మీ బావ వేస్తున్నాడు. దర్జీ బుద్ధి ఎక్కడికి పోతుంది, మూడు పాయలూ సమంగా వచ్చేదాకా నన్ను కుర్చీలోంచి లేవనివ్వడు.

ఇక్కడి మెకానిక్కుని పిలిచాను. రేవులో కట్టేసి ఉన్న పడవెక్కి, చక్రాన్ని ఒక్క వేలితో గిర్రున తిప్పి చూపించాడు. "ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుందమ్మా మీ వరస" అని నలుగురిలో నవ్వాడు. ఆ మాట రేవంతా పాకింది. మార్చి 15న రేవు సంఘం వాళ్ళు పడవెక్కి చూస్తారట. నేను తిప్పలేకపోతే చక్రం సన్నోడికి అప్పగిస్తారట. గుర్తున్నాడుగా, ఇసుక పడవ నడిపేవాడు. వాడు ఒక పక్కన కూర్చుంటే పడవ ఆ పక్కకే ఒరుగుతుంది, ఆ పేరు ఎవరు పెట్టారో గానీ.

అమ్మకి కూడా కుడి చేతితోనే మొదలైంది. ముందు గ్లాసు జారింది. తర్వాత తాళం తిప్పలేకపోయింది. రెండేళ్ళకి చెంచా ఎత్తలేకపోయింది. నాకిప్పుడు అప్పటి అమ్మ వయసే. బరువెక్కింది పడవో నేనో నాకు తెలియాలి. పడవైతే బాగుచేసుకుందాం. నేనైతే నేనే దిగిపోతాను, నన్ను ఒకరు దింపక్కర్లేదు. పదకొండేళ్ళ కిందట ఆ ఇంజను బిగించింది నువ్వే కాబట్టి తేల్చాల్సింది నువ్వే.

అక్క

*

ఫిబ్రవరి 10

అక్కా,

ఉత్తరం చేరింది. పైకి చదివి వినిపిస్తే నీ మరదలు జడ దగ్గర నవ్వింది, అమ్మ దగ్గరికి వచ్చేసరికి పొయ్యి కట్టేసి వచ్చి నా పక్కన కూర్చుంది.

స్టీరింగు బరువు అనేది జ్వరం లాంటిది. అదే జబ్బు కాదు, లోపల ఎక్కడో జబ్బుందని చెప్పే గుర్తు. కాబట్టి మీ మెకానిక్కు సామెత పక్కన పెట్టి, నేను చెప్పినట్టు చెయ్యి. ఇలాంటి చిక్కుముడి వస్తే నాకు ఆకలి కూడా వెయ్యదని నీకు తెలుసు.

నువ్వు చక్రం తిప్పితే కేబులు కదులుతుంది, కేబులు ఒక కడ్డీని తోస్తుంది, కడ్డీ పడవ వెనక వేలాడే ఇంజనుని తిప్పుతుంది, ఇంజను తిరిగితే పడవ తిరుగుతుంది. పడవ కట్టేసి, ఇంజను ఆపి, ఆ కడ్డీని ఇంజనుకి కలిపే బోల్టు ఊడదియ్యి. ఇప్పుడు ఇంజను వేరు, చక్రం వేరు. ముందు ఇంజనుని చేత్తో అటూ ఇటూ తిప్పు. బిగుసుకుని ఉంటే జబ్బు ఇంజను దగ్గర, పాత గ్రీజు గట్టిపడి ఉంటుంది. ఇంజను తేలిగ్గా తిరిగితే, వెళ్ళి చక్రం తిప్పు. అది బిగుసుకుంటే జబ్బు కేబులులో. రెండింట్లో ఏదో ఒకటి దొరికిపోతుంది. బోల్టు మళ్ళీ బిగించాకే పడవ కదపాలి, మర్చిపోకు.

ఇంకొకటి. రంగులప్పుడు ఇంజను దగ్గర ఏమైనా మార్చావా? కొత్తగా ఏదైనా బిగించావా? గుర్తు తెచ్చుకుని రాయి. మనుషులు చెప్పడం మర్చిపోయిన దాంట్లోనే సగం జబ్బు ఉంటుంది. నిన్న మా షెడ్డుకి ఒకాయన ఇంజను వేడెక్కిపోతోందని లబలబలాడుతూ వచ్చాడు. నీళ్ళు పీల్చుకునే చోట ఆయన మేజోడే ఇరుక్కుని ఉంది. రెండోది కాలికే ఉంది. నాలుగు రోజులుగా ఒక్క మేజోడుతో తిరుగుతున్నాడట, అదీ ఇదీ కలిపి ఆలోచించలేదట.

బావని అడిగానని చెప్పు. ఈ పద్నాలుగేళ్ళలో ఒక్కసారైనా నీ పడవెక్కాడా, లేక ఇంకా నీళ్ళు చూస్తేనే కడుపులో తిప్పుతోందా?

తమ్ముడు

*

ఫిబ్రవరి 15

తమ్ముడూ,

ఆదివారం మధ్యాహ్నం రేవు ఖాళీగా ఉన్నప్పుడు నువ్వు చెప్పినట్టే చేశాను. బోల్టు ఊడదీయడానికే అరగంట పట్టింది, పదకొండేళ్ళ కిందట నువ్వు బిగించిన బిగింపు అలాంటిది. ఇంజను చేత్తో తోస్తే ఊయలలా తిరిగింది. చక్రం తిప్పితే అదీ అంతే, వెన్నలా తిరిగింది. ఏమీ దొరకలేదు. ఉన్న గ్రీజు తుడిచి కొత్తది పెట్టాను. బోల్టు బిగించాను. సోమవారం పొద్దున్న మొదటి ట్రిప్పుకి మళ్ళీ అదే బరువు.

రంగులప్పుడు ఏమైనా మార్చావా అన్నావు. ఏమీ ముట్టుకోలేదు. శుభ్రం చేశాను, రంగు వేయించాను, అంతే. నేను పడవని ఎంత ముద్దుగా చూసుకుంటానో నీకు తెలుసు. సన్నోడి పడవలా నాచు పట్టించుకుని తిరగను.

మీ బావ ఇంకా ఎక్కలేదు. ఒడ్డున నిలబడి చెయ్యి ఊపుతాడు, అది కూడా కళ్ళు మూసుకుని. అన్నట్టు మెకానిక్కు ఈ మధ్య నేను కనిపిస్తే ఒక వేలు గాల్లో గుండ్రంగా తిప్పి చూపిస్తున్నాడు. ఆ వేలు విరగ్గొట్టేంత బలం మాత్రం నా చేతిలో ఇంకా ఉందని నా నమ్మకం.

ఇంకేం చూడాలో తొందరగా రాయి. ఇంక నెల రోజులే ఉంది.

అక్క

*

ఫిబ్రవరి 21

అక్కా,

ఈ ఉత్తరం మూడుసార్లు మొదలుపెట్టి చింపేశాను.

ఇంజను తేలిగ్గా తిరిగింది, చక్రమూ తేలిగ్గా తిరిగింది అంటే పడవలో లోపం లేదనే అర్థం. నా ఇరవై ఆరేళ్ళ పనిలో నేర్చుకున్నదంతా వెతికినా ఇంకో కారణం నాకు తట్టడం లేదు. ఇక మిగిలింది చెయ్యి. కోపం తెచ్చుకోకు. అమ్మ విషయంలో మనం ఏం చేశాం? గ్లాసు జారితే తడి చెయ్యి అన్నాం, తాళం తిరక్కపోతే తాళం పాతది అన్నాం. ఏడాది అలాగే గడిపేశాం. ఈసారి అలా కాకూడదు. వెంటనే డాక్టరుకి చూపించు.

నీ దగ్గర దాచడం నాకు చేతకాదు కాబట్టి ఇది కూడా చెప్పేస్తున్నాను. పది రోజుల కిందట సంఘం కార్యదర్శి నాకు రాశాడు. ఇంజను బిగించింది మీరే కదా, మీ అభిప్రాయం ఏమిటని అడిగాడు. నీ పదిహేనో తారీఖు ఉత్తరం చూశాక జవాబు ఇచ్చాను. పడవ బాగానే ఉంది, అక్కకి కొన్నాళ్ళు విశ్రాంతి కావాలి, అంతదాకా చక్రం సన్నోడికి ఇవ్వండని. నీ పరువు పోకుండా మర్యాదగానే రాశాను. నీ మేలు కోరే రాశాను.

నీ మరదలు నిన్ను ఇక్కడికి వచ్చి ఒక నెల ఉండమంటోంది. మా ఇంటి ముందు కూడా నీళ్ళే ఉన్నాయి, ఊరికే చూస్తూ కూర్చోవచ్చు.

తమ్ముడు

*

ఫిబ్రవరి 26

తమ్ముడికి,

ఉత్తరం అందింది. నాకంటే ముందే కార్యదర్శికి అందినట్టుంది. సంఘం సమావేశంలో నీ ఉత్తరాన్ని పైకి చదివాడు, మర్యాదగా రాసిన మాటలతో సహా. నేను మూడో వరసలో కూర్చున్నాను.

ఇక్కడ అందరం క్షేమం.

*

మార్చి 3

తమ్ముడూ,

నీతో మాట్లాడకూడదనే అనుకున్నాను. కానీ దొరికినదాన్ని నీకు తప్ప ఇంకొకళ్ళకి చెబితే అర్థం కాదు. కోపం కోపమే, ఇది ఇదే. రెండూ కలపకు.

డాక్టరు దగ్గరికి వెళ్ళాను. నీ కోసం కాదు, నాకే భయమేసి వెళ్ళాను. ఒక రబ్బరు బంతి లాంటిది ఇచ్చి పిసకమంది. కుడి చెయ్యి, ఎడమ చెయ్యి, మళ్ళీ కుడి చెయ్యి. సూదితో అక్కడక్కడ గుచ్చి చూసింది. అమ్మ సంగతి అంతా విని రాసుకుంది. చివరికి "భుజం బాగా అలిసిపోయిందండీ, జబ్బు మాత్రం నాకేం కనబడటం లేదు. మీరు దేంతోనైనా రోజూ కుస్తీ పడుతున్నారా?" అంది. నేను బల్ల మీంచి దిగకుండా అలాగే ఆలోచిస్తూ కూర్చుంటే, బయట ఇంకా జనం ఉన్నారని గుర్తుచేసింది.

దేంతో కుస్తీ పడుతున్నాను? కట్టేసిన పడవలో చక్రం వెన్న. మెకానిక్కు తిప్పిందీ కట్టేసిన పడవలోనే, నువ్వు తిప్పమన్నదీ కట్టేసిన పడవలోనే. నేను ఒక్కదాన్నే కదిలే పడవలో తిప్పుతున్నాను. ఈ ముక్క మన ముగ్గురికీ ఎందుకు తట్టలేదో. నెమ్మదిగా పోతే బరువు లేదు, వేగం పెంచితేనే ఉంది. ఇది నీకు ఎప్పుడూ రాయలేదు, నీకు తెలుసనుకున్నాను.

సరే, నా చెయ్యి చెప్పేది ఎవరూ నమ్మరు. నేనే నమ్మడం లేదు. చేపల అంగడి ఆవిడ దగ్గర కొక్కెం కాటా అడిగి తెచ్చాను. అదే, పైన పట్టుకుని కిందకి లాగితే ముల్లు తిరిగేది. దాన్ని చక్రం అంచుకి తాడుతో కట్టి లాగితే, చక్రం కదలడానికి ఎన్ని కిలోల బలం కావాలో ముల్లే చెబుతుంది. కాటాకి భుజం నొప్పి ఉండదు కదా. కానీ నేను పడవ నడపాలి, కాటా లాగి అంకె చదవడానికి ఇంకొకరు కావాలి.

మీ బావ ఎక్కాడు. పద్నాలుగేళ్ళలో మొదటిసారి. నోట్లో నిమ్మకాయ బద్ద పెట్టుకుని, ఒక చేత్తో బల్ల గట్టిగా పట్టుకుని, రెండో చేత్తో కాటా లాగాడు. ప్రయాణికులు లేరు, వెడల్పు నీళ్ళలోకి తీసుకుపోయి మామూలు వేగం పెట్టాను. కుడివైపుకి ఒక కిలో కూడా లేదు, ముట్టుకుంటే తిరిగిపోయింది. ఎడమవైపుకి ఎనిమిదిన్నర కిలోలు. మీ బావ నమ్మక ఆరుసార్లు లాగాడు. ఎవరిదో జాకెట్టు కొలతల కింద ఆ అంకెలన్నీ రాసుకున్నాడు, తర్వాత పక్కకి వంగి కడుపు ఖాళీ చేసుకున్నాడు, మళ్ళీ ఏడోసారి లాగాడు. ఆ మనిషి మీద నాకు ఎప్పుడూ లేనంత ప్రేమ పుట్టింది.

ఎడమే బరువు, కుడి కాదు. నిజం చెప్పనా, ఇది నాకు తెలుసు కూడా. వెళ్ళేటప్పుడు వంతెన స్తంభాల దగ్గర ఎడమకి తిప్పాలి, అక్కడే నా ప్రాణం పోతుంది. వచ్చేటప్పుడు కుడికి తిప్పాలి, అక్కడ ఏమీ ఉండదు. కానీ నొప్పి లేని పన్ను గురించి ఎవరైనా రాస్తారా?

ఇప్పుడు చెప్పు, ఎందుకు? నాకు పదిహేనో తారీఖు కన్నా ముందు ఇది తెలియాలి.

అక్క

*

మార్చి 7

అక్కా,

నీ ఉత్తరం షెడ్డులో నిలబడే చదివి, చేతిలో ఉన్న పానా కింద పడేశాను. ముందు పడవ సంగతి, తర్వాత నా సంగతి.

పడవని తోసే పంకా ఇంజను అడుగున నీళ్ళలో ఒకే వైపుకి తిరుగుతుంది కదా, అది తిరిగే కొద్దీ ఇంజను ఒక పక్కకి మొగ్గుతుంది. నీ ఇంజనుది కుడి పక్క, అందుకే ఎడమకి తిప్పడమే బరువు. వేగం పెరిగితే ఆ లాగుడూ పెరుగుతుంది. కట్టేసిన పడవలో పంకా తిరగదు కాబట్టి అక్కడ వంద ఏళ్ళు వెతికినా దొరకదు. నేను అక్కడే వెతికించాను. ఆ లాగుడుకి విరుగుడుగా పంకాకి కాస్త పైన అరచేయంత రెక్క ఒకటి ఉంటుంది. ఉప్పు నీళ్ళు ఇంజనుని తినకుండా ముందు తనే అరిగిపోవడం కూడా దాని పనే. ఆ రెక్కని నిటారుగా కాదు, కొంచెం వంకరగా బిగించాలి. దాని వెనక అంచు ఏ వైపు లాగుతుంటే ఆ వైపుకి తిరిగి ఉండాలి. అప్పుడు నీళ్ళు దాన్ని తోసి ఇంజనుని మధ్యకి తెస్తాయి. పదకొండేళ్ళ కిందట నీ పడవకి అలాగే పెట్టాను. నీతో మూడు పూటలు నడిపించి, నీ చేతికి సరిపోయేలా వంకర తిప్పాను. ఎందుకో మాత్రం నీకు చెప్పలేదు. చెబితే నువ్వు ఇంకో పది ప్రశ్నలు అడుగుతావని.

ఆ రెక్క ఇప్పుడు ఎలా ఉందో చూడు. నిటారుగా ఉంటే నీ జబ్బు అదే. దాని బోల్టు పైన, రబ్బరు మూత కింద ఉంటుంది. ఇంజను ఆపి, పైకి ఎత్తి, బోల్టు వదులు చేసి, వెనక అంచుని కుడికి కొద్దిగా తిప్పి గట్టిగా బిగించు. ముందు ఇప్పుడున్న చోట సుద్దతో గీత గీసుకో. కొద్దికొద్దిగా తిప్పుతూ ప్రతిసారీ నడిపి చూడాలి. ఒకేసారి ఎక్కువ తిప్పితే లాగుడు అవతలి వైపుకి మారుతుంది.

ఇక నా సంగతి. నిన్ను ఒక్క ప్రశ్న అడగాల్సింది, ఏ వైపు బరువు అని. అడగలేదు. షెడ్డుకి వచ్చే మొహం తెలియని ప్రతి మనిషినీ మొదట అడిగేది అదే. నీ దగ్గరికి వచ్చేసరికి అమ్మే కళ్ళముందు మెదిలింది, ఇంక పడవ కనబడలేదు. అది తప్పు. నీ వెనక కార్యదర్శికి రాయడం అంతకన్నా పెద్ద తప్పు. ఆయనకి ఇవాళే ఇంకో ఉత్తరం పంపాను, నా మాట వెనక్కి తీసుకుంటున్నానని. అదీ సమావేశంలో చదవమన్నాను.

తమ్ముడు

*

మార్చి 17

తమ్ముడూ,

ఒక నిజం ఒప్పుకుంటాను, నవ్వు ఆపుకుని చదువు. ఆ రెక్క నేనే మార్చాను. రంగులప్పుడు చూస్తే పాతది సగం అరిగిపోయి ఉంది, పైగా వంకరగా ఉంది. ఏ రాయో తగిలి వంగిపోయిందనుకున్నాను. కొత్తది తెప్పించి, వంకర తీసి, మీ బావ కొలబద్దా సుద్దా తీసుకుని వెంట్రుకవాసి తేడా లేకుండా మధ్యకి నిలబెట్టాను. ఎంత ముచ్చటగా కుదిరిందో అని దూరం నుంచి కూడా చూసుకున్నాను. నువ్వు ఏమైనా మార్చావా అని అడిగితే అది నాకు మార్పుగా గుర్తే రాలేదు. పళ్ళు తోముకుంటే మొహం మార్చుకున్నామంటామా? మేజోడు ఆయన్ని చూసి నవ్వుకున్నాను, ఇప్పుడు ఆయన నాకు అన్న వరస.

నీ ఉత్తరం పదకొండునే చేరింది. కానీ రెక్క ముట్టుకోలేదు. పదిహేనున సంఘం వాళ్ళందరూ వచ్చారు, మెకానిక్కు కూడా వచ్చాడు. కార్యదర్శి నీ రెండో ఉత్తరం తీసి గొంతు సవరించుకున్నాడు. వద్దన్నాను. "ఒక ఉత్తరం చదివి నన్ను దింపాలని చూశారు, ఇంకోటి చదివి ఉంచుతారా? కాగితాలు లోపల పెట్టి పడవెక్కండి" అన్నాను.

చక్రం ముందు సన్నోడికే ఇచ్చాను. స్తంభాల దగ్గరికి వచ్చేసరికి వాడి మెడ నరాలు తేలాయి. రెండు చేతులూ పెట్టి లాగాడు. "ఇదేంటండీ, మొండి ఎద్దు ముక్కుతాడు పట్టుకున్నట్టుంది. రోజుకి పద్నాలుగు ట్రిప్పులు ఎలా తిప్పుతున్నారండీ మీరు?" అన్నాడు. వాడు మంచోడే పాపం. తర్వాత మెకానిక్కుని రమ్మన్నాను. ఒక వేలు చాలదు బాబూ అని మాత్రం అన్నాను. అతనూ రెండు చేతులూ పెట్టాడు.

ఒడ్డుకి తెచ్చి, ఇంజను ఎత్తి, అందరి ముందూ గీత గీసి, రెక్క తిప్పాను. మొదటిసారి ఆత్రం కొద్దీ ఎక్కువ తిప్పేశాను, కుడికి నాలుగు కిలోలు వచ్చింది, మెకానిక్కుకి కాస్త ప్రాణం లేచొచ్చింది. సగం వెనక్కి తెచ్చాను. మీ బావ నిమ్మకాయ బద్దతో కాటా పట్టుకుని అంకెలు పైకి చదివాడు. ఎడమకి రెండుంపావు, కుడికి రెండు. స్తంభాల దగ్గర ఒక్క చేత్తో తిప్పాను. చక్రం నా దగ్గరే ఉంచారు. దాని మీద తీర్మానం కూడా ఏం చేయలేదు, అందరూ దిగి ఎవరి పనికి వాళ్ళు పోయారు.

వాళ్ళు వెళ్ళాక పడవలో కూర్చుని ఏడ్చాను. నాలుగు నెలలుగా పొద్దున్న లేవగానే గ్లాసు పట్టుకుని చూసుకునేదాన్ని, జారుతుందేమోనని. ఎవరికీ చెప్పలేదు, మీ బావకి కూడా. నిన్న పొద్దున్న ఆ పని చేయడం మర్చిపోయాను.

నీ క్షమాపణ చేరింది, ఉంచుకున్నాను. ఆ మూడో వరసలో కూర్చున్న అరగంట మాత్రం ఇంకా పోలేదు, పోవడానికి కొంచెం టైము పడుతుంది. ఒక మాట అడుగుతున్నాను. ఈ చెయ్యి ఏదో ఒకరోజు నిజంగానే పోవచ్చు. అమ్మదీ పోయింది కదా. ఆ రోజు వస్తే నీకు నేనే రాస్తాను, దాచను. కానీ నా గురించి ఎవరైనా నిన్ను అడిగితే జవాబు వాళ్ళకి ఇవ్వకు. ముందు నన్ను అడుగు.

అక్క